తాళం రేపు మారుస్తాను

జనవరి 19, ఆదివారం

ఈసారి అడ్డదారి లేదు. డైరీలో రాసేశాను కాబట్టి ఇక తప్పించుకోలేను.

ఇవాళ మంచు మీద రాళ్ళు జార్చే మా కర్లింగ్ క్లబ్బు సమావేశంలో నన్ను అందరి ముందూ నిలబెట్టారు. నిరుడు మా వెబ్‌సైటులోకి ఎవరో దూరి, మహిళా జట్టు ఫొటో పీకేసి దొంగ గడియారాల ప్రకటన పెట్టిపోయారు. దాన్ని ఇంకా ఎవరూ మరిచిపోలేదు. క్లబ్బు అధ్యక్షురాలు ఆర్లీన్ అయితే అసలు మరిచిపోదు.

"ఫిబ్రవరి పోటీలకి స్కోర్లు ఎప్పటికప్పుడు వెబ్‌సైటులో చూపిస్తానంటున్నావు. సరే, ఒప్పుకుంటున్నాం. మళ్ళీ ఎవడన్నా దూరాడో, ఇక జన్మలో సుద్దముక్కా నల్లబల్లే!" అంది.

నల్లబల్ల అయితే మామయ్య చూడలేరు. ఆయన గురించే కదా ఈ తిప్పలన్నీ. మా ఆయన రెయినో వాళ్ళ నాన్న తోయివో యాభై ఏళ్ళుగా ఒక్క ఫైనల్ కూడా వదల్లేదు. శరదృతువులో తుంటి విరిగి వృద్ధుల కేంద్రంలో ఉన్నారు. మంచు మీదకి కాదు కదా, వాకిట్లోకి కూడా పంపనన్నాడు డాక్టరు. "ఫైనల్‌ని మీ గదిలోకే తెస్తాను మామయ్యా" అని నోరు జారాను. జారినదాన్ని నిలబెట్టుకోవాలి.

నా నియమాలు:
1. స్కోరు పేజీని నడిపే సర్వ్‌లెట్ ఇంజనుకి రూట్ అధికారం ఇవ్వను. యంత్రంలో అన్నీ చెయ్యగల అధికారం దానికెందుకు? ఓ చిన్న ఖాతా చాలు.
2. దాంతోపాటు వచ్చే నమూనా ప్రోగ్రాములు తీసేస్తాను.
3. పుస్తకంలో ఉదాహరణకి ఇచ్చిన పాస్‌వర్డ్ వాడను.
4. నడుస్తున్న యంత్రం మీద ప్రయోగాలు చెయ్యను.
5. ఏం మార్చినా వెంటనే రాసిపెడతాను.

ఆఫీసులో నా వెనక నన్ను 'తర్వాత మార్లిస్' అంటారని తెలుసు. ఈసారి చూపిస్తాను వాళ్ళకి!

జనవరి 20, సోమవారం

అద్భుతం! ఇంజను పుస్తకం మొత్తం ప్రింటు తీసి, మూడు రింగుల ఫైల్లో పెట్టి, అధ్యాయానికో రంగు చీటీ అంటించాను. భద్రత అధ్యాయానికి ఎరుపు.

సాయంత్రం ఇంట్లో పాత కంప్యూటరు మీద ప్రయత్నం. ముందు ఇంజను నడవడానికి కావలసిన జావా ఎక్కించడం. తర్వాత ఇంజను మూట విప్పడం. తర్వాత ఇంజనుకి జావా ఇల్లెక్కడో చెప్పడం. చెప్పకపోతే అలిగి కూర్చుంటుంది. చెప్పాను. లేచింది! తెర మీద స్వాగతం పేజీ!

రెయినోని పిలిచి చూపించాను. జిల్లాలో మంచు తోసే బండి నడుపుతాడు, యంత్రాలంటే వినే మనిషే.

"ఇంతకీ ఏమంటోంది?"

"తను పని చేస్తున్నానని చెప్తోంది."

"అంతేనా? నా బండి అయితే చెప్పకుండానే చేస్తుంది."

ఓపిగ్గా వివరించాను. వెబ్ సర్వర్ అంటే వడ్డించే మనిషి. ముందే వండి ఉన్నవి తెచ్చి పెడుతుంది, అంతే. ఎవరైనా "ఇప్పుడు స్కోరెంత?" అని అడిగితే అప్పటికప్పుడు వేడిగా వండాలి. లోపల ఆ వంట చేసేది సర్వ్‌లెట్ ఇంజను.

"మరి వంటమనిషికి ఇంటి తాళాలన్నీ ఇవ్వకూడదు, అంతేగా నీ నియమం?"

చూశారా, అర్థమైపోయింది. ఇలాంటి మొగుడు దొరకడం నా అదృష్టం. నాలుగు రోజుల్లో పని ముగించేస్తాను. మిగతా రోజులు రాయి జారే దారిలో చీపురు పట్టి మంచు తుడవడం సాధన చేస్తాను. మా జట్టులో మొదటి రాయి నాదే మరి.

జనవరి 22, బుధవారం

మామయ్యని చూసి వచ్చాను. ఓవెన్లో బంగాళాదుంప హాట్‌డిష్ వండి, గిన్నెతో సహా సంచీలో పెట్టుకెళ్ళాను. ఆయన విసుగు మీద ఉన్నారు.

"ఇక్కడి బీరువాలో పుస్తకాలన్నీ ముద్దులూ కన్నీళ్ళూ అమ్మాయ్. బుర్రకి పని చెప్పేది ఒక్కటీ లేదు."

"హాల్లో కంప్యూటరుందిగా మామయ్యా?"

"ఉంది. రోజూ పొద్దున్నే మా తాతల ఫిన్లాండులో చలెంతో చూస్తాను. ఇక్కడికంటే తక్కువే ఉంటుంది. ఆ తర్వాత ఏం చెయ్యాలి?"

పోటీల స్కోర్లు ఆ కంప్యూటర్లోనే వస్తాయని చెప్పాను. ఆయన నా ముఖంలోకి కాసేపు చూశారు. "ప్రతి ఎండ్‌కీనా?" అన్నారు. ప్రతి ఎండ్‌కీ అన్నాను. ఒక్కో ఎండ్‌లో పదహారు రాళ్ళు పడతాయి, అది అయిపోగానే స్కోరు తెర మీద ఉంటుంది అన్నాను. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. గిన్నె, సంచీ అక్కడే వదిలేసి వచ్చాను.

జనవరి 25, శనివారం

క్లబ్బులో. సర్వరు వంటగదిలో, కాఫీ డ్రమ్ము వెనక. వేరే చోట ప్లగ్గు లేదు.

మధ్యాహ్నం 1: వెబ్ సర్వరుకీ ఇంజనుకీ మధ్య వేసే వంతెన ముక్క తయారు కావట్లేదు.
3: కావట్లేదు.
4: ఇప్పటికీ కావట్లేదు. మా పొట్టి పాత యంత్రం దాన్ని చూస్తే మొహం తిప్పుకుంటోంది.
4.30: ఒక ఆలోచన! వెబ్ సర్వరెందుకు మధ్యలో? వంటమనిషే వచ్చి వీధి తలుపు తీస్తే సరి. చిక్కల్లా ఏమిటంటే, వీధి తలుపు ఎనభయ్యో నంబరు, దాన్ని తెరిచే హక్కు రూట్‌కి మాత్రమే ఉంది.

కాబట్టి ఇంజను రూట్‌గా నడుస్తోంది. రెండు రోజులే! సోమవారం వంతెన కట్టేసి అధికారం లాగేసుకుంటాను. ఒకటో నియమం విరగలేదు, సెలవు మీద ఉంది.

జనవరి 26, ఆదివారం

నమూనా ప్రోగ్రాములు తీసేద్దామని కూర్చున్నాను. వెనక నుంచి ఆర్లీన్ కాఫీ కప్పుతో వచ్చింది.

"ఇదేంటి?"

"ఏం లేదక్కా, నమూనా. అది ఒక అంకె తల్చుకుంటుంది, మనం కనుక్కోవాలి. తీసేస్తున్నాను."

"ఆగాగు. నన్నొకసారి ఆడనీ."

ఆడింది. ఆడుతూనే ఉంది. పై అంకె, కింద అంకె అంటుంటే పళ్ళు కొరికింది. కనుక్కున్నప్పుడు బల్ల గుద్దింది.

"ఇది తీసేస్తే ఊరుకోను మార్లిస్. ఇంటి నుంచి కూడా ఆడొచ్చా?"

ఆడొచ్చు అన్నాను. నాలిక కరుచుకున్నాను. అధ్యక్షురాలి కోరికని కాదంటే సుద్దముక్క బయటికి వస్తుంది. రెండో నియమం అధ్యక్షురాలి ఆదేశం మీద వాయిదా.

జనవరి 28, మంగళవారం

ఫైలు కనబడట్లేదు! రంగు చీటీల ఫైలు! కారు వెతికాను, ఆఫీసు వెతికాను, ఆవిరి స్నానాల గది కూడా వెతికాను. రెయినో అక్కడ కట్టెలు తప్ప ఏమీ లేవన్నాడు.

స్కోర్లు ఎక్కించే పేజీకీ, ఇంజనుని అదుపు చేసే పేజీకీ ఇవాళ పాస్‌వర్డ్ పెట్టాలి. పుస్తకం లేదు. పుస్తకంలోని ఉదాహరణ మాత్రం కంఠతా వచ్చు. అదే కొట్టాను. పేరూ అదే, పాస్‌వర్డూ అదే, రెండు చోట్లా అదే. ఫైలు దొరకగానే మారుస్తాను. రేపే దొరుకుతుంది.

సోమవారం కట్టాల్సిన వంతెన ఏమైందని అడగకండి. సోమవారం మంచు తుఫాను. (మాకు జనవరిలో మంచు పడటం వింత కాదు, అయినా కారణం కారణమే.)

ఫిబ్రవరి 5, బుధవారం

సాయంత్రం క్లబ్బు నుంచి ఫోను. "వెబ్‌సైటు చచ్చిపోయింది."

పరుగెత్తాను. వంటగదిలో కమ్మటి వాసన. సర్వరు ప్లగ్గు నేల మీద పడి ఉంది. ఆ చోట పెద్ద కరెంటు ఓవెను, అందులో నలభై మందికి మాంసం కూర.

"ఆ పెట్టె ఊరికే గుర్రుమంటోంది కదా, ఎవరికీ పనికొచ్చేలా లేదని తీశాం" అంది ఆర్లీన్.

"అక్కా, అదే వెబ్‌సైటు!"

"ఓహో. అందుకేనా నా అంకెల ఆట కూడా ఆగిపోయింది?"

ఓవెను తియ్యనివ్వలేదు. కూర ఉడకాలట. రాత్రి భోజనాలయ్యేదాకా ఆగి మళ్ళీ లేపాను. కరెంటు వచ్చినప్పుడు దానంతటదే లేచే ఏర్పాటు నడుస్తున్న యంత్రం మీదే, నిలబడే, నాలుగు నిమిషాల్లో చేసేశాను. ఏం రాసిపెట్టలేదు. చేతికి గ్రేవీ ఉంది. నాలుగూ అయిదూ నియమాలు ఒకే దెబ్బకి పోయాయి. కూర మాత్రం బాగుంది.

ఫిబ్రవరి 10, సోమవారం

లెక్క చూసుకుంటే ఒక్క నియమమూ మిగల్లేదు.

అయితే ఏమిటట? ఇంజను నడుస్తోంది! స్కోరు పేజీ నడుస్తోంది! మరీ ఎక్కువమంది ఒక్కసారే చూస్తే స్కోరు ప్రోగ్రాం కాస్త బిగుసుకుంటోంది, కానీ అదుపు పేజీలో 'రీలోడ్' బొత్తాం నొక్కితే తేరుకుంటుంది. ఆ లోపం ఎక్కడుందో నాకు తెలుసు. పోటీలయ్యాక సరిచేస్తాను. మా స్కోర్లు ఒక్కసారే ఎంతమంది చూస్తారు, పదిమందా?

ఫిబ్రవరి 14, శుక్రవారం

పోటీలు మొదలు! బయట సున్నాకి పాతిక డిగ్రీల కింద. లోపల అందరూ చెమటలు కక్కుతున్నారు.

చలికాలమంతా ఆరిజోనాలో గడిపే మా ఊరి ముసలాళ్ళంతా ఎండలో కూర్చుని స్కోర్లు చూస్తున్నారట. ఒకాయన క్లబ్బుకి ఫోను చేసి "రెండో వరుసలో స్కోరు అయిదు నిమిషాలుగా మారలేదు, ఎవరైనా పోయారా?" అన్నాడు.

రెండు ఆటలు గెలిచాం. మామయ్యకి రెయినో ఆట కాగానే ఫోను చేసి గొప్పలు చెప్పుకున్నాడు. "నాకు తెలుసులేరా, చూశాను" అన్నారట. చూశాను! ఆ ఒక్క మాటకి ఎగిరి గంతేశాను.

ఫిబ్రవరి 15, శనివారం

ఎవరో లోపలికి దూరారు.

పొద్దున మా ఆటలో నాలుగో ఎండ్ స్కోరు నేను తప్పు కొట్టాను. రెండుకి బదులు మూడు. ఆట కాగానే రెయినో మామయ్యకి ఫోనులో ప్రతి రాయీ వర్ణించి చెప్పాడు. సరిచేద్దామని కూర్చుంటే అప్పటికే రెండు ఉంది! నేను మార్చలేదు. ఆర్లీన్ మార్చలేదు, అంకెలు కనుక్కుంటోంది. అంతే కాదు, పక్కన వ్యాఖ్యల గడిలో కొత్త వాక్యం: "నీలం టోపీ వాడికి కళ్ళద్దాలు అవసరం."

నీలం టోపీ అంటే రెయినో. చదివి ముఖం ఎర్రబడింది.

"ఎవడు వీడు? నా ఆట గురించి వీడికేం తెలుసు?"

"దొంగ, రెయినో, దొంగ!"

"దొంగతనానికి వచ్చి లెక్క సరిచేసిపోయే దొంగని ఎక్కడ చూశావు?"

నిజమే. గడియారాల ప్రకటన లేదు, ఫొటోలు పోలేదు. అయినా దూరడం దూరడమే. ఆర్లీన్‌కి తెలిస్తే రేపు ఫైనల్‌కి ముందే సర్వరు ఆర్పేస్తుంది. మామయ్య తెర ముందు కూర్చుని ఖాళీ పేజీ చూస్తారు. ఆ బొమ్మ కళ్ళ ముందు నుంచి పోవట్లేదు. ఇప్పుడే పాస్‌వర్డ్ మార్చాలి. కానీ మారిస్తే ఇంజను ఆపి లేపాలి, సెమీఫైనల్ నడుస్తోంది, ఆరిజోనా చూస్తోంది.

వ్యాఖ్య చెరిపేశాను. ఎవరికీ చెప్పలేదు. తాళం రేపు మారుస్తాను.

సాయంత్రం: సెమీఫైనల్ గెలిచాం!! రేపు ఫైనల్ మాదే!

ఫిబ్రవరి 16, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఫైనల్. పక్క ఊరి జట్టుతో. ఏడు ఎండ్‌లయ్యేసరికి సమానం. ఇక మిగిలింది ఒక్క ఎండ్. స్కోర్లు ఎక్కించే పని ఆర్లీన్‌కి అప్పజెప్పి మేం మంచు మీద ఉన్నాం. క్లబ్బు గది వైపు అద్దం మీద టకటకమని చప్పుడు. చూస్తే ఆర్లీన్, చేతిలో గరిటె, రెండో చేత్తో టెలిఫోను చూపిస్తోంది. ఒక కాలికి ఆటకి వేసుకునే జారే చెప్పు, ఒక కాలికి మామూలు చెప్పుతో కుంటుకుంటూ వంటగదిలోకి పరుగెత్తాను.

"నేను కొడుతుంటే తీసుకోవట్లేదు మార్లిస్! ఇదిగో, మీ మామ!"

ఫోనందుకున్నాను.

"అమ్మాయ్, ఆరో ఎండ్ దగ్గర ఆగిపోయింది."

బిగుసుకుపోయింది. నేను ఏ లోపాన్ని తర్వాతకి వదిలానో అదే. కంప్యూటరు ముందు కూర్చుందామంటే ఆర్లీన్ అంకెల ఆట మీద అంకెల ఆట తెరిచి ఉంచింది, అదీ బిగుసుకుంది. బయట రెయినో అరుస్తున్నాడు: "మార్లిస్! మొదటి రాయి నీదే! నిమిషం దాటితే ఆట వాళ్ళకి రాసిచ్చేస్తారు!"

ఏడుపొచ్చింది. "మామయ్యా, నన్ను క్షమించండి. నేను వెళ్ళకపోతే ఆట పోతుంది. వెళ్తే మీరు చూడలేరు."

"ఏడుస్తావెందుకు? నువ్వెళ్ళి రాయి వెయ్యి. ఇది నేను చూసుకుంటాను."

"మీరెలా చూసుకుంటారు?"

"అదుపు పేజీకి వెళ్ళి రీలోడ్ నొక్కాలి, అంతేగా? పుస్తకం నా ఒళ్ళోనే ఉంది."

"ఏ పుస్తకం?"

"రంగు చీటీలది. హాట్‌డిష్ సంచీలో వదిలేశావుగా. మూడుసార్లు చదివాను. కథ కాస్త నెమ్మదిగా నడిచినా ముద్దుల పుస్తకాల కంటే నయం."

"కానీ దానికి పాస్‌వర్డ్..."

"పుస్తకంలో ఉన్నదేగా? ఎరుపు చీటీ దగ్గర 'వెంటనే మార్చండి' అని పెద్దక్షరాలతో రాసి ఉంది. నువ్వు మార్చావా ఏంటి?"

"ఫైలు దొరికాక మారుద్దామని..."

"మార్చలేదని నాకు నిన్ననే తెలుసు" అన్నారు. "పో. రాయి పొట్టిగా వెయ్యకు."

వెళ్ళి రాయి వేశాను. పొట్టిగా వెయ్యలేదు. నాలుగో రాయి పడే వేళకి అద్దం వెనక ఆర్లీన్ గరిటె పైకెత్తి ఊపింది. తెర కదులుతోందని. ఆరిజోనాలో, వృద్ధుల కేంద్రంలో, అన్ని చోట్లా. ఊరవతల చక్రాల కుర్చీలో కూర్చున్న ఎనభై నాలుగేళ్ళ మనిషి మా వంటగదిలోని యంత్రాన్ని లేపి నిలబెట్టారు, నేను తెరిచి ఉంచేసిన తలుపులోంచి వచ్చి.

ఆఖరి రాయి రెయినోది. వలయాల మధ్యలో ఆగితే గెలుపు. ఆగలేదు. హాయిగా అన్నీ దాటుకుని వెనక గోడకి వెళ్ళి కొట్టుకుంది.

ఓడిపోయాం. ఆనవాయితీ ప్రకారం గెలిచినవాళ్ళు మాకు బీరు కొనిచ్చారు. ఫోను మోగింది, రెయినో తీశాడు. ఆవలి మాట గదంతా వినబడింది.

"ఒరేయ్, కళ్ళద్దాలు కొనుక్కోమని నిన్న రాసి కూడా పెట్టానుగా!"

రెయినో నా వైపు చూశాడు. నేను బీరు వైపు చూశాను. ఆర్లీన్ ఇద్దరి వైపూ చూసి, "ఎక్కడ రాసిపెట్టాడు?" అంది.

చెప్పక తప్పలేదు. మొత్తం చెప్పాను. ఆర్లీన్ గరిటె బల్ల మీద పెట్టి, "తోయివోయే దూరగలిగితే ఇక దూరలేనివాడెవడు?" అంది. "వారం టైమిస్తున్నాను. సుద్దముక్క నా జేబులోనే ఉంటుంది."

ఫిబ్రవరి 17, సోమవారం

ఆఫీసుకి సెలవు. మధ్యాహ్నం క్లబ్బుకి వెళ్ళి కూర్చున్నాను. వంతెన పడింది (ముక్క కొత్త రకం దొరికింది, గంటలో తయారైంది). రూట్ అధికారం లాగేశాను. నమూనాలు తీసేశాను. అంకెల ఆట ఆర్లీన్ ఇంటి కంప్యూటర్లో విడిగా పెట్టిచ్చాను. స్కోరు ప్రోగ్రాం లోపం సరిచేశాను. పాస్‌వర్డ్ మార్చాను, ఎవడూ ఊహించలేనిది. ఇంత పెద్ద పనని నెల రోజులుగా వాయిదా వేస్తే, ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. సిగ్గుగా ఉంది, సంబరంగానూ ఉంది.

ఇంటికి రాగానే ఫోను.

"అమ్మాయ్, తలుపు తెరుచుకోవట్లేదు."

"మార్చేశాను మామయ్యా. ఇక ఎవరూ దూరలేరు."

"మంచిపని." కాస్త ఆగారు. "నేను కూడానా?"

ఆ గొంతు విన్నాక ఉండలేకపోయాను. మళ్ళీ బూట్లు తొడుక్కుని క్లబ్బుకి వెళ్ళి, ఆయన పేరనే ఒక ఖాతా తెరిచాను. స్కోర్లు దిద్దొచ్చు, రీలోడ్ నొక్కొచ్చు. దొంగతనంగా కాదు, దర్జాగా. కేంద్రానికి వెళ్ళి, పాస్‌వర్డ్ ఆయన్నే పెట్టుకోమన్నాను. కీబోర్డుకి అడ్డంగా చెయ్యి పెట్టుకుని, నన్ను అటు తిరగమని, ఒక్కో అక్షరం కొట్టుకున్నారు.

"ఏం పెట్టారు?"

"చెప్తే అది పాస్‌వర్డ్ ఎలా అవుతుంది? ఎరుపు చీటీ చదవలేదా?"

నా గిన్నె తిరిగిచ్చారు. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, అందులో నా ఫైలు పెట్టారు. దాని మీద ఏలకుల రొట్టె ఒకటి.

ఫిబ్రవరి 18, మంగళవారం

రేపటి లీగు ఆటల పేజీ ఎక్కించాలి. ఇంటి నుంచే చేసేద్దామని వెచ్చగా దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. పాస్‌వర్డ్ అడిగింది.

నిన్న పెట్టింది ఎవడూ ఊహించలేనిది. నేను కూడా ఊహించలేకపోతున్నాను. ఎక్కడా రాసుకోలేదు. అయిదో నియమం.

క్లబ్బుకి వెళ్ళి యంత్రం ముందు కూర్చుంటే మార్చుకోవచ్చు. బయట సున్నాకి ముప్పై కింద. కారు మొరాయిస్తోంది, రెయినో బండేసుకుని రోడ్ల మీదున్నాడు, నడవాలి. మామయ్యకి ఫోను చేశాను.

"మామయ్యా, ఒక్కసారి మీ పాస్‌వర్డ్ ఇస్తారా? ఒక్కసారే. వెంటనే మర్చిపోతాను."

"ఎవరండీ మాట్లాడేది?"

"నేనే మామయ్యా! మార్లిస్‌ని!"

"మార్లిస్‌నని ఎవరైనా అనొచ్చు. ఎరుపు చీటీలో ఉంది, ఫోనులో ఎవరికీ చెప్పొద్దని."

"ఇంత చలిలో నడిచి వెళ్ళమంటారా?"

"మీ పుట్టింటి నార్వే వాళ్ళకి చలంటే ఇంత భయమేంటమ్మాయ్? టోపీ పెట్టుకో." ఫోను పెట్టేశారు. పెట్టేముందు నవ్వు వినబడింది, తుంటి విరిగాక మొదటిసారి అలా నవ్వడం.

సరే. మళ్ళీ మొదటి నుంచి. ఒకటి, రూట్ ఇవ్వను. రెండు, నమూనాలు ఉంచను. మూడు, కొత్త పాస్‌వర్డ్. నాలుగు, అయిదు, అన్నీ. ఈసారి అడ్డదారి లేదు.

బూట్లు తొడుక్కునే రాస్తున్నాను. గాలి కాస్త తగ్గితే బయల్దేరతాను.

లేదు, లేదు. ఇప్పుడే వెళ్తున్నాను.